భంజవిహార్ దారిలో ఇటుక మేడ: నాలుగు రకాల ఇటుకలపై సమీక్ష

బరంపురం నుంచి గోపాలపురం వైపు వెళ్తుంటే భంజవిహార్ వస్తుంది. 1967లో మొదలైన బరంపురం విశ్వవిద్యాలయం ఉన్నది అక్కడే. ఆ గేటుకు నడిచి వెళ్ళేంత దూరంలో స్థలం ఉన్నవారికి వచ్చే ఆలోచన దాదాపు ఒకటే: కింద నాలుగు షాపులు, పైన మూడంతస్తుల్లో అద్దె ఇళ్ళు, పరిశోధక విద్యార్థులకు గదులు. రోడ్డు వైపు పూత, రంగు లేకుండా ఇటుకే కనిపించేలా కడితే బాగుంటుందన్న కోరిక కూడా ఈ మధ్య వినిపిస్తోంది. మంచి కోరికే. ఉప్పుగాలి, వాన కలిసి కొట్టేచోట రంగు వేసిన గోడ తొందరగానే పాచిపట్టి నల్లబడుతుంది. సరిగ్గా కట్టిన ఇటుక గోడకు మళ్ళీమళ్ళీ రంగు ఖర్చు ఉండదు. కాకపోతే "సరిగ్గా" అన్న ఆ ఒక్క మాట వెనక చాలా పని ఉంది.

ఇక్కడ తూచి చూస్తున్నవి నాలుగు: బట్టీలో కాల్చిన ఎర్ర ఇటుక, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లై యాష్ ఇటుక, మిషన్ మీద తీగతో కోసిన వైర్‌కట్ ఇటుక, గోడకు అతికించే ఇటుక టైలు. ఎవరి సరుకు అన్నది కాదు, రకాన్ని బట్టే ఈ సమీక్ష. తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. రోడ్డు వైపు ముఖానికి వైర్‌కట్, లోపలి గోడలకు ఫ్లై యాష్. ఎర్ర ఇటుక దగ్గరుండి ఏరుకోగలిగినవారికి మాత్రమే. టైలు నేల అంతస్తు దాటి పైకి వద్దు. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది: ఏ ఇటుక కొంటారో తేల్చుకున్నాకే ప్లాను గీయించండి. పిల్లర్లు లేచాక ఇటుక కోసం వెతికితే ఎంత ఖరీదైన ఇటుక తెచ్చినా గోడ అతుకులబొంతలా తయారవుతుంది.

ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. ఇటుకల భారతీయ ప్రమాణం ఐఎస్ 1077 చెప్పే మాడ్యులర్ ఇటుక 190 × 90 × 90 మిల్లీమీటర్లు. ఇటుకల మధ్య సిమెంటు నింపే 10 మిల్లీమీటర్ల సందు కలుపుకుంటే 200 × 100 × 100. అంటే గోడ పొడవు ఎప్పుడూ 200 లెక్కలో నడవాలి. కిటికీ ఖాళీ వెడల్పు 200 గుణిజానికి 10 కలిపి (1,210), కిటికీల మధ్య గోడ ముక్క 200 గుణిజంలో 10 తీసేసి (990) గీస్తే, ఎక్కడా ఇటుక కొయ్యకుండా వరస ముగుస్తుంది. కిటికీకి ఆ వైపు ఒక సందు ఎక్కువ, గోడకు ఈ వైపు ఒక సందు తక్కువ, అంతే తేడా. ఇది పాటించని డ్రాయింగులో ప్రతి కిటికీ పక్కనా రెండంగుళాల ఇటుక పెంకు ఒకటి ఇరికించాల్సి వస్తుంది. పూత పూసే గోడకైతే ఆ పెంకు ఎవరికీ కనబడదు. పూత లేని గోడలో రోడ్డు మీద పోయేవాడికి కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఎత్తు లెక్క ఇంకా సున్నితం. అంతస్తు ఎత్తు 3.1 మీటర్లు పెట్టుకుంటే మాడ్యులర్ ఇటుక సరిగ్గా 31 వరసలు. అదే 230 × 110 × 70 ఇటుకైతే సందుతో కలిపి వరస 80 మిల్లీమీటర్లు. 3.1 మీటర్లను 80 పెట్టి భాగిస్తే 38 వరసలు పోగా 60 మిల్లీమీటర్లు మిగులుతాయి. ఆ మిగులును మేస్త్రి సందులు లావు చేసి సర్దుతాడు, లేదా చివరి వరసలో ఇటుకను నిలువునా చీలుస్తాడు. అంతస్తు ఎత్తు 3.12 పెట్టి ఉంటే 39 వరసలతో ఎంచక్కా సరిపోయేది. అంతస్తుకు రెండు సెంటీమీటర్ల పెంపుతో పోయే బాధ అది. కానీ శ్లాబు పోశాక ఆ రెండు సెంటీమీటర్లు ఎక్కడినుంచీ తేలేం.

మన ఊళ్ళలో దొరికే ఇటుక పుస్తకంలోని కొలతకు రాదు కదా అంటారు. నిజమే, అందుకే బండి దించకముందే 20 ఇటుకలు తీసి తలా తోకా ఆనించి నేల మీద వరసగా పేర్చి టేపు పట్టాలి. 190 పొడవు ఇటుకైతే 20 ఇటుకల వరస 3,720కి తగ్గకూడదు, 3,880కి మించకూడదు. అదే 20ని వెడల్పుకు, ఎత్తుకు కూడా పేర్చి చూడాలి. 90 కొలతకు 1,760 నుంచి 1,840 దాకా చెల్లు. ఈ పరీక్షకు పావుగంట పడుతుంది. వచ్చిన సగటు కొలత ఏదో అదే డ్రాయింగు గీసేవారికి ఇవ్వండి, కేటలాగులో ఉన్నది కాదు.

ఇక ఒక్కో ఇటుకా.

బట్టీ ఎర్ర ఇటుకకు ఉన్న అందం మరి దేనికీ లేదు. రంగులో తేడాలుంటాయి, ఆ తేడాలే గోడకు ప్రాణం. తొమ్మిది వందల నుంచి వెయ్యి డిగ్రీల దాకా కాలితే మట్టి గట్టిపడి మోగుతుంది. చిక్కంతా ఏమిటంటే, బట్టీలో అన్నీ ఒకేలా కాలవు. అంచుల్లోవి అరకాలిపోతాయి, మంట దగ్గరవి మాడి వంకరపోతాయి. అరకాలిన ఇటుక నీళ్ళు పీల్చేస్తుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. రెండిటిని ఒకదానికొకటి తట్టితే చెక్క తట్టినట్టు మొద్దుగా వినిపిస్తుంది. నీటి పరీక్ష పెట్టడం సులువు. ఎండలో బాగా ఆరిన ఇటుక తూచి, 24 గంటలు నీళ్ళలో ముంచి, తుడిచి మళ్ళీ తూచాలి. ప్రయోగశాలలో అయితే 105 నుంచి 115 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెడతారు. మామూలు తరగతి ఇటుకకు బరువులో 20 శాతం దాకా పీల్చినా ఐఎస్ ఒప్పుకుంటుంది, కానీ బయటికి కనిపించే ముఖానికి మా గీత 15 శాతం. మూడు కిలోల ఇటుక మూడు కిలోల 450 గ్రాములు దాటితే పూత గోడలోకి పంపండి, ముఖం మీదికి రానివ్వకండి.

ఎర్ర ఇటుకకు అసలు శత్రువు ఉప్పు. భంజవిహార్‌కూ సముద్రానికీ పట్టుమని పది కిలోమీటర్లు లేదు. దానికి తోడు మట్టిలో ఉన్న లవణాలు, ఇసుకలో ఉన్నవి, బోరు నీళ్ళలో ఉన్నవి. తడిసిన గోడ ఆరేటప్పుడు నీటితో పాటు ఉప్పు బయటికి వచ్చి తెల్లగా పూస్తుంది. పైపైన పూస్తే బ్రష్షుతో పోతుంది. ఉపరితలం లోపలే గడ్డకడితే ఇటుక చెక్కలు చెక్కలుగా రాలుతుంది. దీనికి పరీక్ష ఐఎస్ 3495 మూడో భాగంలో ఉంది. పళ్ళెంలో 25 మిల్లీమీటర్ల లోతు డిస్టిల్డ్ నీళ్ళు పోసి ఇటుకను నిలువుగా నిలబెట్టాలి. నీరంతా పీల్చి ఆరాక మరోసారి అంతే నీళ్ళు పోసి ఆరనివ్వాలి. తెల్ల పూత ముఖంలో పదో వంతు లోపుంటే కొద్దిపాటి, సగం దాకా ఉంటే మధ్యరకం. కొద్దిపాటి దాటిన ఇటుకను ఈ తీరంలో కనిపించే గోడకు వాడొద్దు. చవుడు పట్టాక దాన్ని వదిలించే మందంటూ లేదు.

ఫ్లై యాష్ ఇటుక విషయానికొస్తే, దీనికి మన వైపు ఒక చరిత్ర ఉంది. బూడిద, సున్నం, జిప్సం కలిపి ఆవం లేకుండానే ఇటుక గట్టిపడే ఫాల్‌జీ పద్ధతిని విశాఖపట్నంలో ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించారు. బొగ్గు విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల చేసే ఇటుకల్లో బూడిద కలపాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999 సెప్టెంబరు 14న మొదటి నోటిఫికేషన్ ఇచ్చింది. అప్పటి 50 కిలోమీటర్ల పరిధి 2016కు 300 అయింది. పొలాల పైమట్టి మిగలాలంటే ఇదే దారి, ఆ కారణానికే లోపలి గోడలన్నీ దీనితో కట్టమని గట్టిగా చెబుతున్నాం. అంచులు సూటిగా ఉంటాయి, కొలత మారదు, పూత పలచగా సరిపోతుంది.

తప్పు జరిగేది తడపడంలోనే. ఈ ఇటుకకు బలం వచ్చేది నీళ్ళతో, రోజులతో. రెండు మూడు వారాలు తడపాల్సిన సరుకు వారానికే లారీ ఎక్కితే, గోడలో చేరాక కుంచించుకుపోతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలు చీలికలు వస్తాయి. కొనేటప్పుడు పోత తేదీ అడగండి; 28 రోజులు నిండనిది దించుకోవద్దు. విరిచి చూస్తే లోపలా బయటా ఒకే రంగు ఉండాలి. మధ్యలో తేమ మరక లాంటి నల్లటి గుండ్రం కనబడితే ఇంకా పచ్చిదన్నమాట. ఎర్ర ఇటుకలా దీన్ని తొట్టెలో నానబెట్టకూడదు. కట్టే ముందు నీళ్ళు చిలకరిస్తే చాలు. తడిసి ముద్దయిన ఫ్లై యాష్ గోడ ఆరేటప్పుడు ఎంత కుంచించుకుపోతుందో పూత మీది చీలికలే చూపిస్తాయి. ముఖానికి మాత్రం ఇది నప్పదు. బూడిద రంగు వానకు మచ్చలు మచ్చలుగా మారుతుంది, పాచి తొందరగా పడుతుంది.

వైర్‌కట్ ఇటుక ఖరీదెక్కువ, బయటి నుంచి తెప్పించాలి, రవాణాలో మూలలు పోతాయి. అయినా దానికే మొగ్గు చూపడానికి మూడు కారణాలు. మట్టి మెత్తగా నలిగి ఒత్తిడితో బయటికి వస్తుంది కాబట్టి నీళ్ళు తక్కువ పీలుస్తుంది. కొలత నిలకడగా ఉంటుంది కాబట్టి 10 మిల్లీమీటర్ల సందు నిజంగా 10 మిల్లీమీటర్లే వస్తుంది. కొలిమిలో వేడి అదుపులో ఉంటుంది కాబట్టి అరకాలినవి తక్కువ. లోపం ఒకటుంది. బరువు తగ్గించడానికి మధ్యలో కంతలు పెడతారు. గోడ పైభాగం తెరిచి ఉంచితే ఆ కంతలు బావుల్లా నీళ్ళు నింపుకుంటాయి. సాయంత్రం పని ముగించేటప్పుడు ఆ రోజు వరస మీద ప్లాస్టిక్ పట్టా కప్పించడం మరవకండి. రంగు విషయంలో, ఒకే పాలెట్ (ఇటుకలు పేర్చి తెచ్చే చెక్క పలక) నుంచి వరసగా తీసి కట్టొద్దు. మూడు పాలెట్లు తెరిచి మూడింటి నుంచీ కలిపి ఎత్తాలి. లేకపోతే గోడ మీద రంగుల పట్టీలు పడతాయి.

ఇటుక టైలు చూడడానికి ఇటుకే. మందం 15 నుంచి 20 మిల్లీమీటర్లు. కాంక్రీటు గోడకు జిగురు సిమెంటుతో అతుకుతుంది, తొందరగా పని అవుతుంది, బరువు చదరపు మీటరుకు 40 కిలోల లోపే. కానీ ఇది పూత మీద పూత. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను తీరం దాటింది గోపాలపురం దగ్గరే. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ఐఎస్ 875 మూడో భాగం ఒడిశా తీరానికి సెకనుకు 50 మీటర్ల గాలి లెక్క చెబుతుంది. అంటే చదరపు మీటరుకు సుమారు 150 కిలోల ఒత్తిడి. ఇది తొయ్యడమే కాదు, మూలల దగ్గర ఇంకా ఎక్కువగా లాగుతుంది. కింద పిల్లలు టీ తాగుతూ నిలబడే చోట, పది మీటర్ల ఎత్తున జిగురు మీద వేలాడే టైలు పెట్టడం మనసు ఒప్పుకోని పని. నేల అంతస్తు పిల్లర్లకు, చేతికి అందే ఎత్తులో అయితే సరే. అక్కడ కూడా వెనక పూత సిమెంటు, ఇసుక 1:4 పాళ్ళలో, గీతలు గీసి గరుకుగా ఉండాలి. నున్నటి పూత మీద టైలు పూతతో సహా ఊడివస్తుంది.

ఇటుక ఎంత మంచిదైనా దాన్ని మోసేది ఏదన్నదే అసలు ప్రశ్న. చాలా డ్రాయింగుల్లో ఈ సంగతి ఉండదు, అందుకే కాస్త వివరంగా.

90 మిల్లీమీటర్ల మందం ముఖపు గోడ చదరపు మీటరుకు 170 కిలోల పైనే. 3.1 మీటర్ల అంతస్తుకు గోడ మీటరు పొడవుకు అర టన్ను దాటుతుంది. మూడంతస్తుల ఇటుకను కింది బీము మీదే పేర్చుకుంటూ పోతే రెండు సమస్యలు. ఒకటి ఆ బరువు. రెండోది కదలిక. కాల్చిన మట్టి ఇటుక ఆవం నుంచి బయటపడ్డ రోజు నుంచీ గాలిలో తేమకు ఏళ్ళ తరబడి మెల్లగా పెరుగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. కాంక్రీటు పిల్లరు అందుకు ఎదురుగా మెల్లగా కుంచించుకుపోతుంది. మీటరుకు అర మిల్లీమీటరు పెరుగుతుందనుకున్నా, 9.3 మీటర్ల ఎత్తులో అది నాలుగున్నర మిల్లీమీటర్లు, దానికి పిల్లరు తగ్గినంత అదనం. వెళ్ళే చోటు లేక గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకు వస్తుంది, లేదా మూలల్లో నిలువునా చీలుతుంది.

అందుకని ప్రతి శ్లాబు అంచునా కాంక్రీటుతోనే ఒక గట్టు పోయించాలి. ఇటుక వెడల్పులో కనీసం మూడింట రెండు వంతులు దాని మీద కూర్చోవాలి. బయటికి వేలాడేది మూడో వంతు మించకూడదు. 90 మిల్లీమీటర్ల ఇటుకకు గట్టు మీద 60 అవసరం. శ్లాబు అంచు తేడాలు కలుపుకుని 75 పోయించడం మేలు, పైగా వెనక గాలి సందు ఉంటే ఆ కొలత కూడా కలపాలి. ఇనుప యాంగిల్ బిగించేవారు ఈ తీరంలో స్టెయిన్‌లెస్ రకమే వాడాలి, రంగు వేసిన మామూలు యాంగిల్ తుప్పుపట్టి ఉబ్బి ఇటుకనే పైకెత్తుతుంది. గట్టు కింద, దిగువ అంతస్తు ఇటుక చివరి వరసకు పైన 12 మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, సిమెంటుతో కాకుండా సాగే సీలెంటుతో మూయాలి. మేస్త్రి అలవాటు కొద్దీ ఆ సందులో మాలు (కలిపిన సిమెంటు, ఇసుక) కూరేస్తాడు. కూరితే గట్టు ఉన్నా లేనట్టే. ఈ ఒక్క చోట ఇంజనీరు స్వయంగా నిలబడి చూడాలి.

ముఖపు గోడనూ వెనక ఫ్లై యాష్ గోడనూ ఇటుకలు పళ్ళలా కలిపి కట్టొద్దు. ఒకటి పెరిగేది, ఇంకొకటి తగ్గేది. రెండిటి మధ్య 25 నుంచి 40 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచి స్టెయిన్‌లెస్ తీగలతో పట్టించాలి. ఎత్తుకు 450, పొడవుకు 900 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున, కిటికీల అంచుల్లో ఇంకా దగ్గరగా. తీగ బయటి వైపుకు కొంచెం వాలి ఉండాలి, లోపలికి వాలితే నీళ్ళు దాని మీదుగా నడిచి గది గోడ తడుపుతాయి. ప్రతి గట్టు మీదా ముందు నీరు ఆపే పొర పరిచి, మొదటి వరసలో నాలుగు ఇటుకలకొక నిలువు సందు మాలు లేకుండా ఖాళీగా వదలాలి. లోపలికి చేరిన వాన నీళ్ళు బయటపడే దారి అదే. చూడడానికి బాగోలేదని తర్వాత సిమెంటు పూసేవాళ్ళున్నారు, వాళ్ళను ఆపండి.

సరుకు లెక్క ఒకటి వేసి చూద్దాం. రోడ్డు ముఖం 15 మీటర్ల వెడల్పు, పై మూడంతస్తుల ఎత్తు 9.3 మీటర్లు: 139.5 చదరపు మీటర్లు. కిటికీలు, బాల్కనీలకు 35 శాతం పోతే సుమారు 91. చదరపు మీటరుకు 50 ఇటుకలు, అంటే 4,550. విరిగేవి, ఏరి పక్కన పెట్టేవి కలుపుకుని 5,000 చెప్పండి, అదీ ఒకే విడతలో. మాలుకు సిమెంటు, సున్నం, ఇసుక 1:1:6 మా ఎంపిక. సున్నం కలిసిన మాలు కొంచెం సాగుతుంది, సన్నటి చీలికలు తక్కువ. ఈ లెక్కకు సిమెంటు ఏడు బస్తాలు, పారబోత కలిపి ఎనిమిది. సున్నం దొరక్క 1:5 వాడితే పది బస్తాలు. ఇసుక ఏటి ఇసుకే, అదీ కడిగి. సముద్రపు ఒడ్డు ఇసుక బండిలో కలిసిందేమోనని నాలుక మీద పెట్టి చూసినా తెలుస్తుంది. రోజుకు మీటరు, మహా అయితే మీటరున్నర ఎత్తు దాటించొద్దు.

సందుల తీరు మీద ఒక మాట. ఇటుక నీడ పడి అందంగా కనబడుతుందని సందును అరంగుళం లోపలికి గీయించడం ఈ మధ్య ఫ్యాషన్. ఎండ ప్రాంతాల్లో చెల్లుతుందేమో గానీ గాలివాన ప్రాంతంలో చెల్లదు. ప్రతి ఇటుక పై అంచూ నీళ్ళు నిలిచే చిన్న అరుగై కూర్చుంటుంది. మాలు కాస్త బిగిశాక గుండ్రటి కడ్డీతో నొక్కి, లోపలికి వంపుగా నున్నగా చేసిన సందే ఇక్కడ నిలుస్తుంది. నొక్కినప్పుడు మాలు ఇటుకకు అతుక్కుంటుంది, అదే అసలు లాభం.

కింద షాపుల సంగతి ఇటుకకు సంబంధం లేనిదిలా కనిపిస్తుంది గానీ, ముఖం పాడయ్యేది సగం అక్కడినుంచే. ముందుగా ప్రాణానికి సంబంధించినది. పైన గోడలతో బిగిసిన అంతస్తులు, కింద షట్టర్ల కోసం ఖాళీ పిల్లర్లు. 2001 జనవరి 26 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన అపార్ట్‌మెంట్లు చాలావరకు ఇలా కింద ఖాళీగా ఉన్నవే. గాలి కూడా అలాంటి మేడను పక్కకు తోస్తుంది. మెట్ల చుట్టూ కాంక్రీటు గోడ పునాది దాకా దింపించడం, షాపుల మధ్య గోడలు పూర్తిగా కట్టించడం, కింది పిల్లర్లకు బలం పెంచడం స్ట్రక్చరల్ ఇంజనీరు చేత లెక్క కట్టించాల్సినవి. పైన 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ మీటరు పొడవుకు టన్నుకు పైగా బరువు; ఆ బరువు లెక్కలో చేరిందా లేదా అని అడగండి. తీరగాలి తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 ప్రకారం ఎం30 తరగతి బలం, కడ్డీ మీద దాన్ని కప్పే 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి. దాన్ని తగ్గిస్తే తుప్పు వల్ల పిల్లరు పగులుతుంది, పిల్లరు పగిలితే దాని మీది ఇటుకా పగులుతుంది.

క్యాంపస్ దగ్గర షాపులంటే టిఫిన్ హోటలు, జిరాక్సు, స్టేషనరీ, మొబైలు రిపేరు. టిఫిన్ హోటలుకు పొగగొట్టం మొదటి రోజే ప్లానులో ఉండాలి. వెనక వైపు నుంచి పిట్టగోడ దాటి పైకి పోవాలి. లేకపోతే అద్దెకొచ్చినవాడు షట్టరు పైన ఫ్యాను పెట్టి రోడ్డు మీదికి ఊదుతాడు. నూనె ఆవిరి ఇటుక రంధ్రాల్లో చేరితే కడిగి తీసే ఉపాయం లేదు. బోర్డుల కోసం షట్టరు పైన 600 మిల్లీమీటర్ల కాంక్రీటు పట్టీ ఒకటి అడ్డంగా వదలండి, అందులోనే కరెంటు గొట్టం, బోల్టులు ముందే పెట్టించండి. ఆ పట్టీ లేని చోట ప్రతి కొత్త అద్దెదారూ ఇటుకలో నాలుగు కన్నాలు పొడుస్తాడు. షాపులకూ ఇళ్ళకూ కరెంటు మీటర్లు వేరు, రేటు తరగతీ వేరు. ఏసీల బయటి డబ్బాలకు వెనక బాల్కనీలో చోటు ఉంచితే ముఖం మీద వేలాడదీయరు. ఇళ్ళకు వెళ్ళే మెట్లు షాపు లోపలినుంచి కాకుండా విడిగా ఉండాలి. కింద గ్యాస్ సిలిండర్లు ఉండే మేడలో ఇది రాజీపడే విషయం కాదు.

నేల నుంచి 450 మిల్లీమీటర్ల దాకా ఇటుక వద్దు, నల్లరాయి పెట్టించండి. షాపువాళ్ళు రోజూ ముందు కడుగుతారు, వాన చినుకు నేల మీద పడి ఎగురుతుంది, పాన్ మరకలు ఉండనే ఉంటాయి. రాయి కింద తేమ పైకెక్కకుండా 40 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర నేలకు 150 మిల్లీమీటర్ల ఎత్తున ఉండాలి.

అన్నిటికంటే ముందు పాడయ్యేది పిట్టగోడ. రెండు వైపులా తడుస్తుంది, పై నుంచీ తడుస్తుంది. పైన రాతి లేదా కాంక్రీటు కప్పు ఇటు అటు 40 నుంచి 50 మిల్లీమీటర్లు బయటికి వచ్చి, వాలు డాబా లోపలికి ఉండాలి. అంచు అడుగున 12 మిల్లీమీటర్ల గాడి కొట్టించండి, నీటి చుక్క అక్కడే తెగి పడుతుంది. గాడి లేకపోతే కప్పు ఉండీ ప్రయోజనం లేదు, నీరు గోడనే పట్టుకుని జారుతుంది. కిటికీ గడపలకూ ఈ గాడి సూత్రమే.

కట్టాక మెరుపు కోసం వార్నిషులాంటి పూతలు అమ్ముతారు. అవి తేమను లోపలే బంధిస్తాయి, ఉప్పు పూత వెనక గడ్డకట్టి ఇటుక ముఖాన్ని తోసేస్తుంది. వెయ్యాలనుకుంటే గోడ ఒక వేసవి పూర్తిగా ఆరాక, ఆవిరి బయటికి పోనిచ్చే సైలేన్ రకం నీటి నిరోధకం వెయ్యండి. మాలు మరకలకు యాసిడ్ పోయడం ఇక్కడ చాలా మామూలు. అది క్లోరైడును గోడకు తాపడమే. మరక పచ్చిగా ఉన్నప్పుడే గోనెగుడ్డతో, ఎండాక చెక్క గరిటతో, గట్టి బ్రష్షుతో తియ్యాలి.

పర్లాకిమిడి, గుణుపురం కాలేజీల దగ్గర కట్టేవారికి సముద్రపు ఉప్పుగాలి బెడద ఇంత లేదు. అక్కడ ఏరిన ఎర్ర ఇటుకకు ధైర్యంగా మార్కులు వేస్తాం, వైర్‌కట్ కోసం లారీ ఖర్చు పెట్టనక్కర్లేదు. గట్టు, సందు, తీగల లెక్క మాత్రం అక్కడా ఇదే.

మార్కులు కావాలంటే, భంజవిహార్ రోడ్డు ముఖానికి: వైర్‌కట్ 5కు 4 (ఒక మార్కు ఖరీదుకూ కంతలకూ పోయింది), ఎర్ర ఇటుక 3, ఫ్లై యాష్ 2, టైలు 1. అదే లోపలి గోడలకైతే ఫ్లై యాష్‌కు 4.

కొన్న 5,000లో కనీసం 150 ఇటుకలు మేడ మెట్ల కింద, నేలకు ఆనకుండా చెక్కల మీద పేర్చి దాచండి. రెండేళ్ళ తర్వాత పైపు పగిలో, బండి గుద్దో పది ఇటుకలు తీసి కట్టాల్సి వస్తుంది. అప్పటికి ఆ రంగు, ఆ కొలత బజార్లో దొరకవు.